రొంటిన బెల్లం ముక్క

సౌమ్లాకి, 22 ఫిబ్రవరి 2003

పెద్దమ్మా,

నీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీ చేతిని నా నుదుటికి ఆన్చుకున్నాననుకో. ఆశీర్వాదం అయిపోయింది కదా, ఇక లేవకుండానే తిడతాను, విను.

అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని నువ్వెందుకు రాయలేదు? నీ ఉత్తరం అడుగున, సంతలో నీ పక్క పీట పైనెమ్ పిన్ని రెండు ముక్కలు గీకబట్టి తెలిసింది. షుగర్ మూడు వందలు దాటిందన్న చీటీ కూడా ఆవిడే మడిచి పెట్టింది. నువ్వేమో మూడు పేజీల నిండా ఎదురింటి వాళ్ళ కోడి గురించి రాశావు! అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. సంతలో ఉడికించిన ఆకుకూరలూ వేరుశెనగ పచ్చడీ ఉండే నీ పెచెల్ బుట్ట పక్కన కూర్చోబెట్టుకుని నన్ను పెంచావు. ఆ కాళ్ళకే ఏమైనా అయితే, నేనీ దీవిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి కాళ్ళూ చేతులూ సరిచేసి ఏం లాభం?

డాక్టరు గారు మాత్ర పెంచి, "వ్యాయామం చెయ్యండి" అన్నారట. ఎంత, ఎప్పుడు, ఎలా అన్నది నేను చెబుతాను. నన్ను ఫిజియోథెరపీ చదివించింది ఇందుకే అనుకో. పొద్దంతా పీట మీద కూర్చుని అమ్మే మనిషివి కాబట్టి మెల్లగా మొదలుపెడదాం. సాయంత్రం ఐదింటికి చక్కెర మిల్లు కాలువ గట్టు మీద పదిహేను నిమిషాలు నడక. ముందు ఐదు నిమిషాలు నిదానంగా నడువు, చివర ఐదు నిమిషాలు కూడా అంతే. నడుస్తూ పైనెమ్ పిన్నితో కబుర్లు చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. బయల్దేరే ముందు నేను పంపిన మిషన్‌తో షుగర్ చూసుకో. వంద కంటే తక్కువుంటే అరటిపండు తిని, పావుగంట ఆగి, మళ్ళీ చూసుకుని కదులు. రెండొందల యాభై దాటితే ఆ రోజు నడక వద్దు. రొంటిన ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండాలి. చెమటలు పట్టి చేతులు వణికితే ఆగి నోట్లో వేసుకో. రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకో. బూట్లు వేరే పొట్లంలో వస్తున్నాయి.

దీనితో పాటు ప్రశ్నల కాగితం పెట్టాను. ప్రతి రోగినీ అడిగేవే. నిజం రాసి పంపు.

పర్మనెంటు ఉద్యోగం పరీక్ష జూలై పంతొమ్మిదిన. ప్యాసైతే మన జావా వైపు పోస్టింగు ఇవ్వచ్చంటున్నారు.

నీ పిల్ల,
అంబర్

క్లాతెన్, 9 మార్చి

ఒసే అంబర్,

ఆశీర్వాదం తీసుకుంటూ తిట్టిన పిల్లని నిన్నే చూశాను. అయినా సరే, సుఖంగా ఉండు.

బూట్లు అందాయి. కట్టుచీర కింద ఆ తెల్ల బూట్లేసుకుని గట్టు మీద నడుస్తుంటే పిల్లలంతా వెనకబడ్డారు. పైనెమ్ అయితే కాలువలో పడేంతగా నవ్వింది. షుగర్ మనిషిని చక్కెర మిల్లు చుట్టూ తిప్పాలన్న బుద్ధి ఏ పుస్తకంలో నేర్చుకున్నావే? మిల్లు ఆడుతోంది ఇప్పుడు. గాలి పీల్చినా తియ్యగానే ఉంటోంది.

పాట సంగతి రాశావు. నేను కూర్చున్నా పాడలేను, నడిచినా పాడలేను. కాబట్టి నా వేగం ఎప్పుడూ సరైనదే.

కాగితం నింపాను. గుండెల్లో నొప్పి, లేదు. కళ్ళు, పాతవే. ఉపవాసాలు ఉంటారా అన్న చోట "రంజాన్‌కి మాత్రం" అని రాశాను. ఇన్ని అడిగావు గానీ, పీట మీద నుంచి లేవడానికి ఎవరి భుజం పట్టుకుంటారని అడగలేదు. పైనెమ్‌ది.

అంకెలు ఇవిగో. సోమవారం 112. మంగళవారం 236. బుధవారం 228. గురువారం 108. శుక్రవారం 241. సోమ, గురువారాలు చూసి సంతోషపడు, మిగతావి చూడకు.

పరీక్షకి బాగా చదువు. మిగతాది నేను చూసుకుంటాను.

పెద్దమ్మ వార్సితి

సౌమ్లాకి, 2 ఏప్రిల్

పెద్దమ్మా,

ఓడ దిగిన సంచిలో నీ ఉత్తరం చూసి రేవులోనే చించి చదివాను. 112, 108! ఎగిరి గంతేశాను. పక్కనున్న మా లుతుర్మస్ తాత "పెళ్ళి కుదిరిందా?" అన్నాడు. గుండె జబ్బు ముసలాయన, ఒకప్పుడు సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు తెచ్చేవాడు. నా దగ్గర అందరికంటే మొండి రోగి ఆయనే.

సోమ, గురువారాల్లో ఏం చేస్తున్నావో గానీ, అదే రోజూ చెయ్యి! ఆ రెండు రోజులూ సంతలో రద్దీ తక్కువా? బాగా నడుస్తున్నావా? ఏదైనా సరే, వదలకు. ఆ రెండు రోజులూ నీ ఒంటికి పడుతున్నాయి కాబట్టి అప్పుడు నడక అరగంట చెయ్యి. మిగతా రోజులు ఇరవై నిమిషాలు చాలు. ఇంట్లో కుర్చీ మీంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడ పట్టుకుని మడమలెత్తడం పదిసార్లు కలుపు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకు, బీపీ పెరుగుతుంది.

నాకిక్కడ కుదురుగా లేదు. పుస్తకం తెరిస్తే నీ కాళ్ళే కనిపిస్తున్నాయి. ఉత్తరం రాయడానికి ఓడ వచ్చేదాకా ఆగాలంటే ఒళ్ళు మండిపోతోంది.

అంబర్

క్లాతెన్, 20 ఏప్రిల్

అంబర్,

రోజూ అదే చెయ్యమన్నావు. కుదరదు. ఆ రెండు రోజుల సంగతి వేరు. ఎందుకు వేరని అడగకు.

అంకెల కాగితం వేరుగా పెట్టాను. అరగంట నడుస్తున్నాను. కాలువ రెండో తూము దాకా వెళ్ళి వస్తున్నాను. కుర్చీ మీంచి లేవడం కూడా చేస్తున్నాను. ఏడోసారికి మా కుర్చీ కాలు విరిగింది. నాది విరగలేదు, భయపడకు.

ఇంకో సంగతి. ఈ మధ్య సంతలో నా పరువు పోతోంది. ఇరవై ఏడేళ్ళుగా నా వేరుశెనగ పచ్చడికి వంక పెట్టినవాడు లేడు. మొన్న సోమవారం రైల్వే గుమాస్తా నోట్లో పెట్టుకుని "ఏమ్మా, సముద్రం నీళ్ళతో నూరావా?" అన్నాడు. గురువారం నాడు ఉప్పే లేదని ఇంకొకామె ఆకు తిప్పి ఇచ్చేసింది. పైనెమ్ తాను అమ్మే సోయా గింజల తెంపే వేపుడు ముక్కలు నా పచ్చడిలో ముంచి చూసి, "ఇవాళ తక్కువ, ఇవాళ ఎక్కువ" అని చెబుతోంది, వినలేక ఛస్తున్నాను.

నువ్వు మాత్రం చదువు. జూలై ఎంతో దూరం లేదు. నా లెక్క నాకుంది.

పెద్దమ్మ

సౌమ్లాకి, 12 మే

పెద్దమ్మా,

పచ్చడి సంగతి చదివి నాకు నవ్వు రాలేదు. షుగర్ కాళ్ళలో నరాలనే కాదు, ఎక్కడివైనా తినేస్తుంది. నీ నాలుకకు రుచి తెలియడం లేదా? నోరు ఒక పక్కకి లాగుతోందా? మాట ముద్దగా వస్తోందా? అద్దంలో చూసుకుని నవ్వు, రెండు పెదవులూ సమంగా పైకి లేస్తున్నాయో లేదో పైనెమ్ పిన్నిని చూడమను. ఈ ఉత్తరం అందిన మర్నాడే ఆసుపత్రికి వెళ్ళు.

ఇంకో అనుమానం. నీ అంకెల్లో ఆ రెండు రోజులే అంత బాగుండటమేమిటి? ఆ రోజుల్లో పైనెమ్ పిన్ని వేలు గుచ్చి, ఆవిడ అంకె రాస్తున్నావా? నాకు ఊరటగా ఉండాలని అలా చేస్తుంటే, దండం పెడతాను, మానెయ్యి. నేను నీ అంకె చూసే నడక రాసేది.

మా లుతుర్మస్ తాత కూడా నిజం చెప్పడు. "ఎక్కడికీ పోకుండా ఊరికే నడవడమేంటి, సిగ్గుచేటు" అని ఇంట్లో కూర్చుని, నడిచానని చెప్పేవాడు. చివరికి, "తాతా, నువ్వు రేవు దాకా వెళ్ళి ఉత్తరాల ఓడ కనబడుతోందో లేదో చూసి నాకు చెప్పాలి" అన్నాను. అంతే. రోజుకు రెండుసార్లు వెళ్ళొస్తున్నాడు. పైగా నేను ఆలస్యంగా వస్తే తిడుతున్నాడు.

అంబర్

క్లాతెన్, 1 జూన్

అంబర్,

ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు నా నాలుక చూశాడు, నవ్వించి చూశాడు, గుడ్లు తిప్పించి చూశాడు. అంతా బాగుందని పంపించాడు. నా వెనక లైనులో ఉన్నవాళ్ళంతా నేను నాలుక బయటపెట్టడం చూశారు. తృప్తి అయిందా?

పైనెమ్ వేలు గుచ్చానంటావా! ఈ చేతులతో నీకు ముద్ద పెట్టాను. నేను దొంగ లెక్కలు రాస్తానా? ఆ మాట చదివి రెండు రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను.

మిషన్ పట్టీలు అయిపోవస్తున్నాయి. అందుకే సోమ, గురువారాల్లో చూసుకోవడం లేదు. ఆ రోజుల్లో ఎలాగూ బాగానే ఉంటుందిగా, నువ్వే అన్నావు.

నా నాలుక మీద పెట్టే ధ్యాస పుస్తకం మీద పెట్టు.

వార్సితి

సౌమ్లాకి, 17 జూన్

పెద్దమ్మా,

కోపం వచ్చిందని తెలిసింది. కింద పెద్దమ్మ అని కూడా రాయలేదు. తప్పయింది, తప్పయింది.

పట్టీలు పంపుతున్నాను. అయినా నీ మాట నిజమే, నువ్వు చూసుకున్నన్నాళ్ళూ ఆ రెండు రోజులూ నిలకడగా ఉన్నాయి. కాబట్టి సోమ, గురువారాల్లో నలభై నిమిషాలకు పెంచు. మిగతా రోజుల అంకెలు కూడా మెల్లగా దిగుతాయి.

పరీక్షకి నెల. రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నువ్వు బాగున్నావని ఒక్క ముక్క రాయి, అది చాలు.

అంబర్

క్లాతెన్, 22 జూన్

తల్లీ అంబర్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చదివేటప్పటికి నేను బాగానే ఉంటాను, ముందే చెబుతున్నాను.

మొన్న గురువారం గట్టు మీద పడిపోయాను. రెండో తూము దాటాక చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. చెరకు తోట రెండు తోటలై కనబడింది. నువ్వు రాసినదంతా గుర్తుంది. రొంటిలోంచి బెల్లం ముక్క తీశాను కూడా. గుప్పిట్లో పట్టుకున్నాను. నోట్లో పెట్టుకోలేదు.

పొద్దు గూకాక వినిపించే మగ్రిబ్ అజాన్‌కి ఇంకా పావుగంట ఉంది.

ఇక దాచి లాభం లేదు. మార్చి మూడో తేదీ నుంచి సోమ, గురువారాలు ఉపవాసం ఉంటున్నాను. నలభై ఉపవాసాల దీక్ష. నీకు ఉద్యోగం రావాలని, నువ్వు ఇంటికి రావాలని. నువ్వు పదో తరగతి పరీక్షకి వెళ్ళినప్పుడూ ఉన్నాను, కాలేజీ సీటుకీ ఉన్నాను. ఎవరి కోసం ఉంటున్నామో వాళ్ళకి చెప్పకూడదు, చెబితే ఫలం పోతుంది. అందుకే నీ కాగితం మీద అబద్ధం రాశాను. మధ్యలో ఒక్కటి తెగినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మొన్నటిది ముప్పై రెండోది. ఇంకా ఎనిమిది ఉన్నాయి. పావుగంట కోసం ముప్పై రెండు పారేసుకోవాలా?

అందుకే పచ్చడి ఉప్పు తప్పేది. నోట్లో వేసుకుని చూడలేను కదా. మిషన్ 88 చూపించిన రోజు 108 అని రాశాను. 79 చూశాక భయమేసి అసలు చూసుకోవడమే మానేశాను. పట్టీలు అయిపోలేదు.

పైనెమ్ నా గుప్పిట విప్పి, బెల్లం నోట్లో కుక్కి, దవడలు పట్టుకుని నమిలించిందట. నాకు తెలియదు. ఆసుపత్రిలో డాక్టరు, "ఇంకాస్త ఆలస్యమైతే లేపడం మా వల్ల కాదు, ఈ మాత్ర వేసుకుని ఉపవాసమేంటమ్మా, దాని మీద నడకా!" అని అరిచాడు. మాత్ర సగం చేశాడు. మోచేయి చెక్కుకుపోయింది. కాళ్ళు బాగున్నాయి, అద్దంలో చూసుకున్నాను.

నా మీద కోపం తెచ్చుకో, పరవాలేదు. కానీ దీక్ష తెగిపోయింది అంబర్. మళ్ళీ నలభై ఉండటానికి రోజుల్లేవు. ఏడుస్తున్నది అందుకే, మోచేతి నొప్పికి కాదు.

నీ పెద్దమ్మ

సౌమ్లాకి, 7 జూలై, సోమవారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం రేవు నుంచి లుతుర్మస్ తాతే తెచ్చిచ్చాడు. చదివి, ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. తాత పక్కన కూర్చున్నాడు.

నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. అంతకంటే నా మీద ఉంది. సోమ, గురువారాల్లో ఏం చేస్తున్నావో రోజూ చెయ్యమని రాసింది నేను. అరగంట చెయ్యమన్నది నేను. నిన్న కాక మొన్న నలభై నిమిషాలని కూడా రాశాను, ఆ ఉత్తరం ఈపాటికి నీ చేతికి వచ్చి ఉంటుంది, చింపి పొయ్యిలో పడెయ్యి. జావాలో పుట్టి, పెద్దమ్మ పెంపకంలో పెరిగి, మనవాళ్ళు ఉపవాసముండే సోమవారం గురువారం అని కళ్ళముందు కనబడుతుంటే నాకు తట్టలేదు. కాగితం మీద "రంజాన్‌కి మాత్రం" అని ఉంది, కాగితాన్ని నమ్మాను. నిన్ను ఆకలితో కాలువ గట్టున తిప్పి దాదాపు చంపాను.

ఇప్పుడు నేను చెప్పేది విను, అడ్డం రాకు.

దీక్ష తెగలేదు. తెలివి తప్పిన నీ నోట్లో వేరొకరు పెట్టింది లెక్కలోకి రాదు. నీ ముప్పై రెండు నీవి, మిగతా ఎనిమిది నావి. ఇవాళ సోమవారం, మొదలుపెట్టాను. నేను గట్టిగా ఉన్నాను, మాత్రలేవీ వేసుకోను, పడిపోను. "తన పరీక్షకి తానే ఉంటే అది వట్టి ఆకలి" అంటావని తెలుసు. అందుకే నా పరీక్ష కోసం ఉండటం లేదు. నీ కాళ్ళ కోసం ఉంటున్నాను. చెబితే ఫలం పోతుందంటావా? పోతే పోనీ, నేను కావాలనే చెబుతున్నాను. దాచడం వల్ల ఏమైందో చూశాం.

నువ్వు నా కోసం దీక్ష పట్టాల్సిందే అనుకుంటే, ఇదిగో కొత్తది. నలభై సాయంత్రాలు నడువు. ఒక్కటీ తెగకూడదు. మధ్యాహ్నం అన్నం తినకుండా నడిస్తే లెక్క మళ్ళీ ఒకటి. కాగితం మీద దొంగ అంకె వేస్తే మళ్ళీ ఒకటి. నడక పది నిమిషాల నుంచి మొదలు, వారానికి రెండు నిమిషాలే పెరగాలి, పైనెమ్ పిన్ని పక్కన ఉండాలి. ఆవిడకు కుదరకపోతే రెండో తూము దాటకూడదు. చేతులు వణికితే ఆగి బెల్లం తినాలి. ఈ కాగితం ముందు డాక్టరుకు చూపించి, ఆయన సరేనంటేనే మొదటి అడుగు వెయ్యి. రంజాన్ సంగతి ఆయన దగ్గరే కూర్చుని తేల్చుకుందాం.

మా తాతకి ఓడ కోసం నడకిచ్చాను. నీకు మాత్రం ఎవరి కోసమూ కాని నడక ఇచ్చాను. అదీ నేను చేసిన తప్పు.

నీ అంబర్

క్లాతెన్, 22 జూలై

అంబర్,

ఇలాంటి దీక్ష నేనెక్కడా వినలేదు. ముప్పై రెండు ఒకరివి, ఎనిమిది ఇంకొకరివి, ఇదేమైనా పచ్చడి నూరుడా, చెయ్యి నొప్పెడితే రోకలి మార్చుకోవడానికి? మసీదులో పెద్దాయన్ని అడిగాను. ఆయన గడ్డం నిమురుకుని, "పిల్ల మంచిది" అన్నాడు. అవునన్నట్టో కాదన్నట్టో తెలియలేదు. జబ్బు మనిషి ఒంటిని కాపాడుకోవడం కూడా మొక్కులాంటిదే అని మాత్రం గట్టిగా చెప్పాడు.

డాక్టరు నీ కాగితం చదివాడు. "ఎవరు రాశారు?" అన్నాడు. "నా పిల్ల" అన్నాను. అక్కడున్న వాళ్ళందరికీ వినబడేలా అన్నాను.

నిన్న సోమవారం మొదటిది అయింది. బయల్దేరే ముందు 164. నిజం 164. పైనెమ్ చూసి సంతకం పెట్టింది. సంతలో పచ్చడి రుచి చూసి అమ్మాను. రైల్వే గుమాస్తా ఆకు నాకాడు.

పరీక్ష ఎలా రాశావు? ఆకలితో రాశావా? పిచ్చిదానా.

పెద్దమ్మ

సౌమ్లాకి, 6 ఆగస్టు

పెద్దమ్మా,

పరీక్ష శనివారం పడింది, కడుపునిండా తినే రాశాను. ఎనిమిది ఉపవాసాలూ జూలై ముప్పై ఒకటితో పూర్తయ్యాయి.

నిన్న జాబితా గోడకి అంటించారు. నా పేరుంది. ఉద్యోగం పర్మనెంటు. కానీ పోస్టింగు ఇక్కడే, ఇంకో ఐదేళ్ళు. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించాను. ఏమీ అనకు, నడక మానకు. అదొక్కటే అడుగుతున్నాను.

అంబర్

క్లాతెన్, 22 ఆగస్టు

తల్లీ,

నీ ఉత్తరం నిన్న గురువారం మధ్యాహ్నం సంతకే తెచ్చిచ్చారు. మూడుసార్లు చదివాను. తప్పు నాదే. ఉద్యోగం అన్నాను, ఇల్లు అన్నాను, ఊరి పేరు చెప్పడం మర్చిపోయాను. దేవుడికి మన క్లాతెన్ ఎక్కడుందో గుర్తుందనుకున్నాను.

అన్నం తిన్నాను అంబర్, నీ మీద ఒట్టు. కానీ నాలుగు ముద్దలే. ఐదింటికి చూసుకుంటే 118. వంద పైన ఉందిగా అని బయల్దేరాను. పైనెమ్‌కి జ్వరం, ఒక్కదాన్నే. ఐదేళ్ళు, ఐదేళ్ళు అనుకుంటూ నడిచాను. ఎంత జోరుగా నడిచానో నాకే తెలియదు. రెండో తూము దాటకూడదని గుర్తుండి అక్కడ ఆగి చూస్తే చేతులు వణుకుతున్నాయి. మెడ మీద చెమట. మళ్ళీ చెరకు తోట రెండైంది.

నిన్నటి నడక ఎన్నోదో తెలుసా? ముప్పై రెండోది. అదీ గురువారమే.

తూము గోడ మీద కూర్చున్నాను. బెల్లం ముక్క తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. అజాన్‌కి అటూ ఇటూగా పావుగంట ఉంటుంది. దారిన ఎవరూ లేరు. గుప్పిట విప్పే పైనెమ్ కూడా లేదు. నేను పోతే ఐదేళ్ళ తరువాత నువ్వు ఎవరి దగ్గరికి వస్తావు?

నోట్లో వేసుకున్నాను. పూర్తిగా కరిగేదాకా కదల్లేదు. చేతులు నిమ్మళించాక, అటుగా వచ్చిన చెరకు బండి ఆపి ఎక్కి ఇంటికొచ్చాను. మళ్ళీ చూసుకుంటే 126. పైనెమ్ దుప్పటి కప్పుకుని వచ్చి సంతకం పెట్టింది.

ఇప్పుడు చెప్పు. వెళ్ళేటప్పుడు నడిచాను, వచ్చేటప్పుడు బండెక్కాను. నువ్వు రాసిన రూళ్ళలో దీని గురించి లేదు, నాలుగుసార్లు చదివాను. నిన్నటిది లెక్కలోకి వస్తుందా, రాదా? నీ జవాబు వచ్చేదాకా నడక ఆపను, ఒక పక్క ముప్పై మూడనీ, ఇంకో పక్క ఒకటనీ రాసుకుంటూ పోతాను. రాదంటే ఏమీ అనుకోను, మళ్ళీ ఒకటి నుంచి నడుస్తాను. ఐదేళ్ళుందిగా.

నీ పెద్దమ్మ